అరచేతిలో గులాబి రంగు ముద్ద

నా చిన్నప్పుడు నేను కొన్ని నెలల పాటు నోరు మూసుకుని బతికాను. ఈ మాట చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. కూరగాయల బండివాడు కూడా నా నోటికి జడిసి, మా గల్లీలోకి వచ్చేముందు నేను అరుగు మీద ఉన్నానా లేనా అని తొంగి చూసుకుంటాడు. అలాంటి మనిషి నెలల తరబడి పెదవి విప్పలేదంటే నవ్వు రాక ఏం చేస్తుంది? కానీ నిజంగా జరిగింది. అప్పట్లో నా నోరు నాకే తాళం పడ్డ గది అయింది.

మాది వేములవాడకు దగ్గర్లో ఒక పల్లె. మా వాడకట్టు మొత్తానికి ఒకటే బోరింగ్. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు అడుగంటి, పిడి బరువెక్కేది. పెద్దవాళ్ళు నిలబడి కొట్టే పిడిని మేము పిల్లలం ఎగిరి పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వేలాడి కిందికి దించేవాళ్ళం. దించాక మాత్రం వదలకూడదు. వదిలితే అది ఎంత బలంతో దిగిందో అంత బలంతో పైకి లేస్తుంది. ఈ సంగతి తెలియని పిల్ల మా వాడలో లేదు, నాకూ తెలుసు. ఆ రోజు చెమటకు చెయ్యి జారింది. పిడి లేచి వచ్చి మూతి మీద కొట్టింది. నొప్పి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది నోట్లో గులకరాళ్ళ లాంటివేవో తిరుగుతున్నాయని. ఉమ్మితే పైవరస ముందు పళ్ళు రెండూ నెత్తురుతో సహా సిమెంటు గద్దె మీద పడ్డాయి.

మా బాపమ్మ, అంటే మా నాన్నగారి తల్లి, ఆ రెండు పళ్ళనూ ఏరి, పేడలో పెట్టి, కొత్త పన్ను ఇమ్మని మొక్కి, ఇంటి పెంకుల మీదికి విసిరేసింది. పాలపన్ను ఊడితే మా దగ్గర చేసేది అదే. నాకు పాలపళ్ళు ఊడి, అసలు పళ్ళు వచ్చి కూడా చాలా కాలమైందని ఆమెకు తోచలేదు. "పోరగాండ్ల పండ్లు గడ్డి లెక్క, కోస్తే మల్ల మొలుస్తయ్" అని మా అవ్వకు, అంటే మా అమ్మకు, ధైర్యం చెప్పింది. మేమందరం నమ్మాం. రోజూ పొద్దున లేవగానే అవ్వ నా పెదవి ఎత్తి చూసేది. చిగురు మానింది, నున్నబడింది, అంతే. పన్ను జాడ లేదు.

ముందు పళ్ళు లేకపోతే అన్నం తినడానికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఇబ్బందంతా మాటతోనే. 'స' అనబోతే ఈల వచ్చేది. 'త' అనబోతే నాలుక సందులోంచి బయటికి జారేది. బడిలో పిల్లలు నన్ను చుట్టుముట్టి "సీసా అనవే, సద్ది అనవే" అని బతిమాలేవాళ్ళు. మొదటి రోజు పిచ్చిదానిలా అన్నాను కూడా. వాళ్ళు పడి పడి నవ్వారు. ఆ మర్నాటి నుంచి నేను అనలేదు. సీసా అనలేదు, సద్ది అనలేదు, క్రమంగా ఏదీ అనలేదు. పంతులు హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదాన్ని. ఇంట్లో తలూపేదాన్ని. నవ్వు వస్తే రెండు చేతులతో మూతి కప్పుకునేదాన్ని. కొన్నాళ్ళకు నవ్వు రావడం కూడా మానేసింది.

ఇంతలోనే ఇంకో చిక్కు వచ్చిపడింది. మా బాపు, అంటే మా నాన్న, మస్కట్‌లో ఉండేవాడు. అప్పట్లో ఫోన్లు ఎక్కడివి? మా వైపు పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో క్యాసెట్ నడిచేది. టేప్ రికార్డర్ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని, చెప్పాల్సినవన్నీ చెప్పి, ఆ క్యాసెట్‌ను సెలవు మీద వచ్చి తిరిగిపోయేవాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు. అక్కడి నుంచి ఎవరైనా వచ్చినప్పుడు బాపు గొంతు నిండిన క్యాసెట్ మా ఇంటికి చేరేది. అందులో నా వంతు ఎప్పుడూ పెద్దదే. బడి సంగతులు, బర్రె సంగతులు, ఎవరింట్లో ఏం కూర వండారన్నది కూడా చెప్పి అవ్వతో తిట్లు తినేదాన్ని.

పళ్ళు పోయాక వెళ్ళిన మొదటి క్యాసెట్‌లో నా గొంతు లేదు. నేను పలకనంటే పలకనన్నాను. అవ్వకు కూడా ఒక విధంగా అదే మంచిదనిపించింది. నీళ్ళకు పంపింది తానే కదా. బిడ్డ మూతి పగిలిందని తెలిస్తే అంత దూరాన ఉన్న మనిషి కూడు తింటాడా, పరేషాన్ అయిపోడా అని ఆమె బాధ. పిల్ల పడుకుందని చెప్పింది. రెండోసారి అమ్మమ్మ ఊరికి పోయిందని చెప్పింది. దానికి బాపు దగ్గర నుంచి వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఊరి సంగతులు, డబ్బుల సంగతులు ఏమీ లేవు. చాలాసేపు టేపు గరగర తిరిగాక గొంతు వినపడింది.

"నిజం చెప్పుండ్రి. నా బిడ్డ ఉన్నదా, లేదా?"

అంతే. ఆపైన మాటే లేదు.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అక్కడున్నవాళ్ళకు ఇక్కడి చావులు దాచిపెట్టడం మా పల్లెల్లో మామూలే. రాలేని మనిషికి చెప్పి ఏం లాభమని దాచేవాళ్ళు. తండ్రి పోయిన సంగతి ఏడాది తర్వాత తెలిసినవాడు మా ఊళ్ళోనే ఉన్నాడు. అలాంటప్పుడు 'పడుకుంది', 'ఊరికి పోయింది' అనే మాటలకు అర్థం ఏమిటో బాపుకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవ్వ ఆ టేపు విని కొంగు నోట్లో కుక్కుకుంది. ఈసారి క్యాసెట్‌లో నా గొంతు పోవాలి, అదీ పాత గొంతే పోవాలి. అప్పుడు బాపుకు నేనున్నానని తెలుస్తుంది, పళ్ళ సంగతి తెలియదు. ఈ ఆలోచనతో అవ్వ నన్ను కరీంనగర్ బస్సెక్కించింది.

అక్కడ ఒక పళ్ళ డాక్టరమ్మ ఉండేది. నా నోరు చూసి, ఊడిన పళ్ళు ఏవని అడిగింది. పెంకుల మీదికి విసిరేశామని అవ్వ చెబితే ఆమె నా పెదవి ఎత్తి మరోసారి చూసింది. తర్వాత, ఇవి మళ్ళీ మొలిచేవి కావని, ఇప్పటికి తీసి పెట్టుకునే పళ్ళ ప్లేటు చేస్తానని, దానికి ముందు నోటి అచ్చు తీయాలని చెప్పింది. అచ్చు అంటే బెల్లం అచ్చు ఒక్కటే తెలుసు నాకు. కొంచెం ఆశ కూడా పడ్డాను.

గుర్రపు నాడా ఆకారంలో ఒక చిన్న రేకు పళ్ళెం, దానికి ఒళ్ళంతా చిల్లులు. రబ్బరు గిన్నెలో గులాబి రంగు పొడి పోసి, నీళ్ళు కలిపి గబగబా రుద్దితే జున్నులాంటి ముద్ద అయ్యేది. దాన్ని పళ్ళెంలో నింపి నోట్లో పెట్టి నొక్కి పట్టాలి. అది గట్టిపడి రబ్బరులా అయ్యాక తీస్తే, మన చిగుళ్ళూ పళ్ళూ ఎలా ఉన్నాయో అలాగే గుంటలు పడి వస్తాయి. చిల్లుల్లోకి దిగిన ముద్ద పళ్ళేన్ని విడవకుండా పట్టుకుంటుంది. గట్టిపడకముందే లాగితే మాత్రం అంతా సాగి పాడైపోతుంది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. కరీంనగర్ ఎండ సంగతి తెలిసిందేగా, కుళాయి నీళ్ళు కూడా చెయ్యి కాలేలా వచ్చేవి. వేడినీళ్ళు తగిలితే ఆ పొడికి తొందర ఎక్కువట. మొదటి ముద్ద నా నోటిదాకా రాకముందే గిన్నెలోనే బిగుసుకుపోయింది. డాక్టరమ్మ దాన్ని పారేసి, కుండలో చల్లటి నీళ్ళు ముంచి రెండో ముద్ద కలిపింది. చల్లటి నీళ్ళతో అది నిదానంగా గట్టిపడుతుంది. ఆమెకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. నాకు మాత్రం శిక్ష పెరుగుతుంది.

ఆ కుర్చీలో నేను పడ్డ భయం ఇప్పటికీ మరిచిపోలేదు. పళ్ళెం లోపలికి పోగానే చల్లటి ముద్ద అంగిట్లో పరుచుకుని వెనక్కి, కొండనాలుక దాకా జరిగినట్టయింది. మింగలేను, ఉమ్మలేను, నోరు మూయలేను. అరవడానికి నాలుక కదలదు. వెనక నుంచి అవ్వ నా రెండు చేతులూ అదిమి పట్టుకుంది. ఇది ఎప్పటికైనా బయటికి వస్తుందా? నా తలతో కలిసి రాయి అయిపోతుందా? ఇక జన్మంతా ఇలాగే ఉండాలా? పిల్లకు ఎవరు చెబుతారు? ఒక్క గుంజు గుంజుకుని చేతులు విడిపించుకుని, పళ్ళెం లాగి అవతల పారేసి, తిన్నదంతా డాక్టరమ్మ చీర మీదే కక్కాను.

అవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. చెంప మీద ఒకటి వేయబోయింది కూడా. డాక్టరమ్మ ఆపింది. చీర తుడుచుకుని వచ్చి, స్టూలు లాక్కుని నా ముందు కూర్చుంది. ఈసారి ముద్ద కలిపి పళ్ళెం నింపాక, గిన్నెలో మిగిలిన దాంట్లోంచి నిమ్మకాయంత తీసి నా అరచేతిలో పెట్టింది.

"అమ్మా, నువ్వు పిల్ల చేతులు ఇడిచిపెట్టు" అంది అవ్వతో. తర్వాత నాతో అంది: "బిడ్డా, నోట్లున్నదీ చేతులున్నదీ ఒక్కటే ముద్ద. నోట్లది నీకు కనపడది, గందుకే భయమైతంది. చేతులది చూసుకుంట, వేలుతోని ఒత్తుకుంట ఉండు. అది గట్టిపడి ఏలికి అంటకుంటే నాకు చెయ్యి చూపెట్టు, తీసేస్త. తల జర ముందుకు వంచి ముక్కుతోని గాలి పీల్చు."

నోట్లో మళ్ళీ అదే చల్లదనం, అదే పీడ. కానీ ఈసారి నా కళ్ళు అరచేతిలో ఉన్నాయి. వేలు పెట్టి ఒత్తాను, పెరుగులా అంటుకుంది. ఇంకా కాలేదు. మళ్ళీ ఒత్తాను. కొంచెం జిగురు తగ్గింది. నోట్లోంచి చొంగ కారి గౌను తడిసిపోతోంది, పట్టించుకోలేదు. ఒత్తడం, చూడడం, ఒత్తడం, చూడడం. లోపలిది ఎక్కడిదాకా వచ్చిందో బయటిది చెబుతోంది. కాసేపటికి వేలు పెడితే గుంట పడి, తీయగానే మళ్ళీ నిండింది. వేలికి ఏమీ అంటలేదు. చెయ్యి ఎత్తి చూపించాను. డాక్టరమ్మ తనూ ఒకసారి ముట్టి చూసి, పళ్ళేన్ని ఒక్క ఊపుతో దించింది. నా నోరంతా, ఆ ఖాళీ సందుతో సహా, ముద్దలో అచ్చుపడి ఉంది.

ఆ అచ్చును ఊరికే ఉంచితే ఎండి ముడుచుకుపోతుందని, వెంటనే అందులో తెల్లటి గచ్చులాంటిది కలిపి పోసింది. అది బిగుసుకునేటప్పుడు పైన చెయ్యి పెట్టి చూడమంది. ఎవరూ పొయ్యి మీద పెట్టకుండానే వెచ్చగా ఉంది. ఆ తెల్లటి బొమ్మ మీద కొలత చూసుకుని, తర్వాతి వారానికి ప్లేటు తయారుచేసి ఇచ్చింది. చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ రేకు, దానికి రెండు పళ్ళు, పక్క పళ్ళను పట్టుకోవడానికి తీగ కొక్కేలు. పెట్టుకోనప్పుడు చల్లటి నీళ్ళలో వేసి ఉంచాలని, ఎండిపోనివ్వకూడదని, మరిగిన నీళ్ళు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగలనివ్వకూడదని, తగిలితే వంకరపోతుందని చెప్పింది. అవ్వ అన్నింటికీ తలూపింది. బాపమ్మ అక్కడ లేదు.

పళ్ళు వస్తే మాట దానంతటదే వస్తుందనుకున్నాం. రాలేదు. కొత్త రేకుతో నోటినిండా నీళ్ళూరి, ఇంతకుముందు ఈల వచ్చిన చోట ఇప్పుడు బుసబుస వచ్చేది. అవ్వ నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, సద్ది, సంచి, సంత అని రోజూ చెప్పించేది. మెల్లమెల్లగా నాలుక దారి కనుక్కుంది. బాపు దోస్తు ఒకాయన సెలవు ముగించుకుని బొంబాయి బస్సెక్కే నాటికి నా మాట తొంభై పాళ్ళు పాత మాటే. ఆయన పొద్దున్నే వచ్చి క్యాసెట్ తీసుకుంటానన్నాడు. ఆ పొద్దున్నే రికార్డు చేద్దామని, కొత్త క్యాసెట్ తెచ్చి పెట్టుకున్నాం.

ఆ పొద్దున నేను మొఖం కడుక్కునేలోపు బాపమ్మకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎక్కడెక్కడి చేతులో ముట్టిన వస్తువు, పిల్ల నోట్లో పెట్టుకునేది, రోజూ చన్నీళ్ళలో పడేసి ఉంచితే ఏం బాగు అనుకుని, స్నానాలకు కాగుతున్న నీళ్ళు ముంచి సత్తు గిన్నెలో ప్లేటు మీద పోసింది. కొత్త గిన్నెలైనా, పసిపిల్లల పాలసీసా అయినా ఆమె శుద్ధి చేసేది అలాగే. నేను వచ్చి తీసి చూస్తే పైకి ఏమీ తేడా లేదు. పెట్టుకోబోతే ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తోంది. కొక్కెం చిగురులో దిగింది. అవ్వ ప్రయత్నించింది, రాలేదు. బాపమ్మ మొఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు ఎవరికీ.

బాపు దోస్తు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సంచి పక్కనే ఉంది. జర జల్ది కానియ్యమని రెండుసార్లు అన్నాడు. అవ్వ టేప్ రికార్డర్ ముందు కూలబడి, ఎర్ర బొత్తం మీద వేలు పెట్టి, "ఏం చెప్పాలే ఇప్పుడు? జెరమచ్చి పండుకున్నదని చెప్తనా?" అని తనలో తానే గొణుక్కుంది. మళ్ళీ పడుకోవడమే. నేను పడుకుంటే అక్కడ బాపు నన్ను మనసులో పాతిపెట్టుకుంటాడు. గొంతు విప్పితే పళ్ళ సంగతి బయటపడుతుంది. ఎటూ దారి లేదనిపించింది.

ఎందుకో తెలియదు, నా చెయ్యి చూసుకున్నాను. ఇదంతా అప్పుడే ఇంత తీరుగా తోచిందని చెప్పను. కానీ ఆ కుర్చీలో నేను కనపడనిదానికి భయపడ్డట్టే అక్కడ బాపు కూడా భయపడుతున్నాడని, ఆయన చేతిలో పెట్టడానికి ఎవరూ నిమ్మకాయంత ముద్ద కూడా పంపలేదని మాత్రం అర్థమైంది. అవ్వ వేలి మీద నా వేలు పెట్టి బొత్తం నొక్కేశాను.

'బాపు' అనడానికి ముందు పళ్ళు అక్కర్లేదు. పెదవులు చాలు. ఆ మాట చక్కగా వచ్చింది. ఆ తర్వాతవన్నీ ఈలలూ, తుంపర్లే.

"బాపు, నేనే. ఉన్న. బోరింగ్ పిడి తగిలి ముంగటి పండ్లు రెండు పోయినయ్. సిగ్గయి మాట్లాడలే. అవ్వది తప్పు లేదు. నువ్వు నవ్వకు."

అవ్వ ఏడుస్తూనే ఉంది. క్యాసెట్‌లో అదీ పడింది. బాపు దోస్తు దాన్ని చేతి రుమాల్లో చుట్టుకుని, సంచిలో బట్టల మధ్య పెట్టుకుని పోయాడు.

తర్వాత మళ్ళీ కరీంనగర్ వెళ్ళాం. డాక్టరమ్మ వంకరపోయిన ప్లేటు చూసి, బాపమ్మ చేసిన పని విని నవ్వింది. మళ్ళీ అచ్చు తీయాల్సి వచ్చింది. ఆమె ముద్ద కలుపుతుండగానే నేను చెయ్యి చాపి కూర్చున్నాను.

బాపు జవాబు వానలు మొదలయ్యాక వచ్చింది. ముగ్గురం టేపు చుట్టూ చేరాం. మామూలుగా ఆయన క్యాసెట్లన్నీ ఒకటే తీరు. మంచిగున్న, మంచి తిండి పెడుతున్నరు, ఏసీ రూముల పంటున్న, వచ్చే పండుగకు వస్త. ఈసారి ముందు ఏడుపు వినపడింది. పెద్దవాళ్ళు అలా ఏడవగా నేను అంతకుముందు వినలేదు.

"నవ్వలే బిడ్డా. నీ గొంతు పొద్దుమాపు పెట్టుకుని ఇంటున్న. నువ్వు నిజం చెప్పినవ్, ఇగ నేను గూడ చెప్త. పని ఇచ్చినోడు నా పాస్‌పోర్టు గుంజుకుని ఇస్తలేడు. ఏసీ లేదు, ఏం లేదు, రేకుల షెడ్డుల పంటున్నం. పండుగకు వస్తనని ఊకె చెప్పిన. ఎప్పుడు వస్తనో నాకే ఎరుక లేదు."

నేను అవ్వ వైపు చూశాను. ఆమె గుండెలు బాదుకుంటుందనుకున్నాను. బాదుకోలేదు. టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ విన్నది. తర్వాత కళ్ళు తుడుచుకుని అంది, "ఇన్ని క్యాసెట్లల్ల మీ బాపు ఇయ్యాల్నే మాట్లాడిండు." ఆ సాయంత్రమే అవ్వ లేచి, మస్కట్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, పాస్‌పోర్టు ఇరుక్కుంటే ఏం చేయాలో అడగడం మొదలుపెట్టింది. చాలాకాలం పట్టింది. కానీ బాపు వచ్చాడు. దాచుకుని ఉంటే ఎవరం ఏం చేయగలిగేవాళ్ళం?

ఇప్పుడు నా నోట్లో సొంత పళ్ళకంటే పెట్టుడు పళ్ళే ఎక్కువ. మా మనుమరాలు ఆసిఫాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేస్తే "మంచిగున్న నానమ్మా" అని గబుక్కున అనేస్తుంది. ఆ గొంతు నాకు తెలుసు. నిలదీసి అడిగితే ఇంకా బిగుసుకుపోతుందనీ తెలుసు. అందుకని నేనే ముందు మొదలుపెడతాను. రాత్రి నిద్ర పట్టలేదని, మీ అమ్మ మీద కోపం వచ్చి అన్నం మానేశానని, ఒంటరిగా ఉంటే భయంగా ఉంటోందని ఉన్నదున్నట్టు చెబుతాను. చెప్పి ఊరుకుంటాను. నేను ఫోన్ పెట్టేయను, తొందర పెట్టను. కొంతసేపటికి అది గొంతు సవరించుకుని, "నానమ్మా, ఒక మాట చెప్పాలె" అంటుంది.